ఎంత దూరం, దేనికి దూరం?

సూర్యాపేట, కోదాడ, మిర్యాలగూడ నడుమ పల్లెల్లో సెల్ టవర్ మీద రెండు మాటలు వినబడతాయి. ఇంట్లో సిగ్నల్ రాదు, డాబా ఎక్కితేగానీ అవతలివాళ్ల మాట తెలియదు, మాకో టవర్ కావాలి అనేది ఒకటి. టవర్ రావాలిగానీ మా ఇంటి పక్కన మాత్రం వద్దు, రేడియేషన్ కొడుతుంది అనేది రెండోది. ఒకే వీధిలో, ఒక్కోసారి ఒకే ఇంట్లో ఈ రెండూ ఉంటాయి. ఏ ఒక్కదాన్నీ తీసిపారేయడానికి లేదు. కిరాణా కొట్టు బాకీ నుంచి వడ్ల పైసల దాకా అన్నీ ఫోన్లోనే నడుస్తున్నాయి. అలాగని పసిపిల్లలున్న ఇంటిని ఆనుకుని వందడుగుల ఇనుప కట్టడం లేస్తుంటే ఆ తల్లికి గుబులు పుట్టడమూ తప్పు కాదు.

చివరికి అందరూ వచ్చి ఆగేది ఒక్క ప్రశ్న దగ్గర: ఇంటికీ టవర్‌కూ ఎంత దూరం ఉండాలి? దీనికి ఒకే అంకె జవాబుగా చెప్పేవాళ్లను నమ్మొద్దని నా మనవి. ఎందుకంటే రేడియో తరంగాల నుంచి కావలసిన దూరం వేరు, కట్టడం కూలితే తప్పించుకోవడానికి కావలసిన దూరం వేరు, జనరేటర్ మోత వినబడకుండా ఉండడానికి కావలసింది ఇంకొకటి. కరెంటు తీసే గాలిమర దగ్గరికొస్తే లెక్క మళ్లీ మొదటికొస్తుంది. ఒక్కో దూరం వెనక ఒక్కో భౌతిక సూత్రం ఉంది. అన్నిటినీ కలగాపులగం చేస్తే లేని ప్రమాదానికి వణుకుతాం, ఉన్న ప్రమాదాన్ని వదిలేస్తాం.

సూర్యాపేట జిల్లాలోని పాలకీడునే తీసుకుందాం. అది 2016లో జిల్లాల పునర్విభజనతో నేరేడుచర్ల నుంచి విడివడి మండలమైంది. సాగర్ ఎడమకాలువ కింద వరి మడులు, కృష్ణ వైపు సున్నపురాయి నేల, ఆ రాయి కోసం వచ్చిన సిమెంటు ఫ్యాక్టరీలు. టవర్ వేయడానికి ఇలాంటి నేల అనుకూలం. అడ్డొచ్చే కొండలు తక్కువ కాబట్టి తరంగం దూరం పోతుంది. కానీ టవర్ పని దూరం పోవడంతో అయిపోదు. ఒక టవర్ మోయగల మాటలకూ డేటాకూ ఒక హద్దుంది, దాని కిందికి వచ్చే ఫోన్లన్నీ ఆ హద్దునే పంచుకోవాలి. ఈ మండలంలోని జాన్‌పహాడ్ దర్గా ఉర్సుకు జనం పోటెత్తినప్పుడు ఫోన్‌లో సిగ్నల్ గీతలు నిండుగా ఉండి కూడా కాల్ కలవకపోవడానికి కారణం ఇదే. అందుకే ఊరికి ఐదు కిలోమీటర్ల అవతల ఒక్క పెద్ద టవర్ వేసి చేతులు దులుపుకుంటే సరిపోదు. జనం ఉన్నచోటికే టవర్ రావాలి. అక్కడే తగాదా మొదలవుతుంది.

తగాదా వస్తే తీర్చేదెవరు? సూర్యాపేట, కోదాడ, మిర్యాలగూడల్లో మున్సిపాలిటీ ఉంది, టౌన్ ప్లానింగ్ విభాగం ఉంది, ఏ వీధి నివాసానికి, ఏది వ్యాపారానికి అని గీసే మాస్టర్ ప్లాన్ ఉంటుంది. పల్లెలో అవేవీ ఉండవు, గ్రామ పంచాయతీ ఒక్కటే దిక్కు. సర్పంచి ఎన్‌వోసీ ఇవ్వకపోతే టవర్ లేవదని చాలామంది నమ్మకం. చట్టం అటునుంచి జరిగి చాలా కాలమైంది. టవర్లకు, కేబుళ్లకు దారి హక్కు ఇచ్చే నిబంధనలను కేంద్రం 2016లో తెచ్చింది. ప్రభుత్వ స్థలం మీద అర్జీ పెడితే 60 రోజుల్లో తేల్చాలి, తేల్చకపోతే అనుమతి ఇచ్చినట్టే లెక్క అన్నది అందులో ముఖ్యమైన మాట. 2022 ఆగస్టు సవరణ ఇంకో అడుగు వేసింది. ప్రైవేటు స్థలంలో టవర్ వేయాలంటే స్థానిక సంస్థ అనుమతి అక్కర్లేదు, పని మొదలుపెట్టేముందు రాతపూర్వకంగా సమాచారమిచ్చి, కట్టడం గట్టిదని స్ట్రక్చరల్ ఇంజనీరు ఇచ్చిన ధ్రువపత్రం జతచేస్తే చాలు. ఆ తర్వాత 2023 టెలికమ్యూనికేషన్ల చట్టం వచ్చింది, దాని కింద చేసిన దారి హక్కు నిబంధనలు 2025 జనవరి 1 నుంచి అమల్లో ఉన్నాయి. మొత్తమ్మీద పంచాయతీకి టవర్‌ను ఆపే అధికారం కుంచించుకుపోయింది. అడిగే అవకాశం మాత్రం మిగిలింది. ఏమి అడగాలో తెలిస్తే ఆ అవకాశం చిన్నదేమీ కాదు.

ఇది మన దేశానికే పరిమితమైన సంగతీ కాదు. అమెరికాలో ఊరి జోనింగ్ బోర్డులకు ఉన్న బలం మన పంచాయతీలు కలలో కూడా చూడలేదు. ఇంటి కంచె ఎత్తు దగ్గర్నుంచి దుకాణం బోర్డు దాకా ఆ బోర్డులే తేలుస్తాయి. అయినా అక్కడి 1996 టెలికమ్యూనికేషన్ల చట్టం వాటి చేతికి ఒక కట్టు వేసింది. టవర్ ఎక్కడ ఉండాలి, ఎంత ఎత్తు, ఎలా కనబడాలి అన్నవి ఊరు తేల్చవచ్చు. కేంద్ర సంస్థ పెట్టిన రేడియేషన్ పరిమితికి లోబడి ఉన్న టవర్‌ను రేడియేషన్ పేరు చెప్పి మాత్రం ఆపకూడదు. శాస్త్రం తేల్చాల్సినదాన్ని ఊరు ఓటుతో తేల్చరాదు, ఊరు తేల్చాల్సినదాన్ని కంపెనీ తేల్చరాదు అనే విభజన అది. దాని అమలులో లోపాలున్నాయేమోగానీ ఆ గీత గీయడం సబబేనని నా అభిప్రాయం.

సరే, ఆ రేడియేషన్ సంగతేమిటి? భయపడేవాళ్లు దాన్ని ఎక్స్‌రేతో, అణు విద్యుత్ కేంద్రంతో ఒకే గాటన కడతారు. ఎక్స్‌రే కణం ఒక్కటి తగిలినా అణువులోంచి ఎలక్ట్రాన్‌ను ఊడగొట్టగలదు, డీఎన్‌ఏ దారాన్ని తెంపగలదు. సెల్ తరంగపు కణానికి అందులో లక్షల వంతు బలం కూడా లేదు. ఎన్ని కణాలు వచ్చి పడ్డా ఆ ఊడగొట్టే పని జరగదు. అవి చేయగలిగిన పని ఒకటుంది, వేడి పుట్టించడం. అందుకే పరిమితులన్నీ వేడి లెక్క మీద కట్టినవే. ఒక చదరపు మీటరు మీద ఎన్ని వాట్లు పడుతున్నాయి అన్నది కొలత. 900 మెగాహెర్ట్జ్ తరంగానికి అంతర్జాతీయ మార్గదర్శకం 4.5 వాట్లు. మన దేశం 2012 సెప్టెంబర్ 1 నుంచి దాన్ని పదో వంతుకు తగ్గించి 0.45 వాట్లు చేసింది. 1,800 మెగాహెర్ట్జ్‌కు 0.9, 2,000 పైన 1 వాటు.

ఇప్పుడు కాగితం మీద ఒక చిన్న లెక్క వేద్దాం. టవర్ మీది ఒక యాంటెనాకు 20 వాట్లు అందుతున్నాయనుకోండి. యాంటెనా ఆ శక్తిని అన్ని దిక్కులకూ చల్లదు, ఒక దిక్కుకు కూడదీసి పంపుతుంది. అది యాభై రెట్లు కూడదీస్తే, ఆ దిక్కున నిలబడినవాళ్లకు 1,000 వాట్లు అన్నివైపులా వెదజల్లే దీపం ఎదుట ఉన్నట్టే. దూరం పెరిగేకొద్దీ ఆ శక్తి దూరం వర్గం చొప్పున పలచబడుతుంది. సరిగ్గా యాంటెనా ఎత్తులోనే, ఎదురుగా, 10 మీటర్ల దగ్గర లెక్క వేస్తే చదరపు మీటరుకు సుమారు 0.8 వాట్లు, అంటే మన పరిమితి దాటింది. 20 మీటర్ల దగ్గర 0.2, సగానికి తక్కువ. 100 మీటర్ల దగ్గర 0.008, పరిమితిలో యాభయ్యో వంతు కూడా లేదు.

కేంద్ర టెలికాం శాఖ 2013 ఆగస్టులో రాష్ట్రాలకు పంపిన మార్గదర్శకాల్లో ఒక యాంటెనా ఎదురుగా అదే ఎత్తులో ఉన్న భవనానికి 20 మీటర్ల దూరం ఉండాలన్నది ఈ లెక్కకు సరిపోతుంది. రెండు యాంటెనాలైతే 35 మీటర్లు, నాలుగైతే 45, పన్నెండైతే 75. యాంటెనాలు పన్నెండు రెట్లు పెరిగితే దూరం నాలుగు రెట్లయినా పెరగలేదేమిటని అడిగితే, పలచబడడం వర్గం చొప్పున కాబట్టి కావలసిన దూరం వర్గమూలం చొప్పున పెరుగుతుంది. ఇరవైని పన్నెండు వర్గమూలంతో హెచ్చిస్తే 69 వస్తుంది, నిబంధన 75 అంటోంది. అంటే ఇది ఎవరో నోటికొచ్చినట్టు చెప్పిన అంకె కాదు.

ఈ మార్గదర్శకంలో అందరూ మరిచిపోయే మాట ఒకటుంది: అదే ఎత్తులో, ఎదురుగా. రాత్రిపూట పొలానికి నీళ్లు కట్టబోయే రైతు చేతిలో టార్చిలైటు చూడండి. దాని వెలుగు యాభై గజాల దూరంలో గట్టు మీద పడుతుంది, పట్టుకున్నవాడి పాదాలు మాత్రం చీకట్లో ఉంటాయి. టవర్ యాంటెనా కూడా తన శక్తిని దాదాపు నేలకు సమాంతరంగా, కొన్ని డిగ్రీలు మాత్రమే కిందికి వంచి పంపుతుంది. 40 మీటర్ల ఎత్తు నుంచి 5 డిగ్రీల వాలుతో బయల్దేరిన కిరణం నడిబొడ్డు నేలను తాకేది సుమారు 450 మీటర్ల అవతల, అప్పటికి అది బాగా పలచబడి ఉంటుంది. కాబట్టి టవర్ మొదట్లో ఉన్న పెంకుటింటికంటే, పక్కవీధిలో యాంటెనాకు ఎదురుగా లేచిన మూడో అంతస్తు గది గురించే ముందు ఆలోచించాలి. పాలకీడు లాంటి చోట ఇళ్లు చాలావరకు ఒకటి రెండు అంతస్తులే, టవర్ తలెత్తి చూసినంత ఎత్తు. కోదాడ బస్టాండు చుట్టుపక్కలో, మిర్యాలగూడ బజారులోనో డాబా మీద టవర్ వేసి, దాని ఎదురుగా తర్వాత ఇంకో అపార్టుమెంటు లేస్తే అసలు చిక్కు అక్కడ వస్తుంది. ఇరవై మీటర్ల నియమం ఆనాటికి సరిపోయి ఉండవచ్చు, కొత్త భవనం వచ్చాక సరిపోకపోవచ్చు.

ఇంకో సంగతి చెప్పకపోతే ఈ లెక్క సగమే. ఫోన్ కూడా ఒక చిన్న ప్రసార కేంద్రం, అదీ చెవికి ఆనించి పెట్టుకునేది. టవర్ దగ్గరగా ఉంటే ఫోన్ తన శక్తిని బాగా తగ్గించుకుని గుసగుసగా మాట్లాడుతుంది. టవర్ దూరమైతే గొంతు చించుకుంటుంది, బ్యాటరీ త్వరగా దిగిపోయేది అందుకే. తలకు తగిలే తరంగాల్లో పెద్ద వాటా టవర్‌ది కాదు, ఆ ఫోన్‌దే. టవర్‌ను ఊరవతలికి తరిమితే ఊళ్లోవాళ్లకు తగిలేది తగ్గకపోగా పెరిగే అవకాశమే ఎక్కువ.

మరి క్యాన్సర్ మాట? ప్రపంచ ఆరోగ్య సంస్థకు చెందిన క్యాన్సర్ పరిశోధనా సంస్థ 2011లో రేడియో తరంగాలను 2బి వర్గంలో, అంటే కారణం కావచ్చు, ఆధారం అరకొర అనే జాబితాలో పెట్టింది. అది ముఖ్యంగా ఫోన్‌ను చెవికి ఆనించి ఎక్కువగా మాట్లాడేవాళ్ల మీద జరిగిన అధ్యయనాలను చూసి ఇచ్చిన మాట. అదే ప్రపంచ ఆరోగ్య సంస్థ చేయించిన ఒక విస్తృత సమీక్ష 2024లో వెలువడింది. దశాబ్దాల అధ్యయనాలను జల్లెడ పట్టి, మొబైల్ వాడకానికీ మెదడు క్యాన్సర్‌కూ సంబంధం కనబడలేదని తేల్చింది. మన కోర్టులు ఒక్కోసారి ఒక్కోదారి పట్టాయి. 2012 నవంబరులో రాజస్థాన్ హైకోర్టు బడులు, ఆసుపత్రుల దగ్గర టవర్లు తీసేయమంది. 2017లో గ్వాలియర్‌లోని ఒక టవర్‌ను ఆపేయమని సుప్రీంకోర్టు మధ్యంతర ఉత్తర్వు ఇచ్చింది. జబ్బుపడ్డ మనిషి గోడు విన్న న్యాయమూర్తి మనసు కరగడం నాకు అర్థమవుతుంది. కానీ బడి దగ్గర టవర్ తీసేస్తే ఆ బడి టీచర్ల ఫోన్లు, పిల్లల ఆన్‌లైన్ పాఠాల ఫోన్లు మరింత శక్తితో పనిచేస్తాయన్న సంగతి ఆ ఉత్తర్వుల్లో ఎక్కడా లెక్కకు రాదు.

అనుమానం తీరనివాళ్లకు కొలిపించుకునే దారి ఉంది. టెలికాం శాఖ 2017లో తెచ్చిన తరంగ్ సంచార్ పోర్టల్‌లో టవర్ల వివరాలు ఉంటాయి. 4,000 రూపాయలు కట్టి దరఖాస్తు చేస్తే శాఖ మనుషులే వచ్చి మన ఇంటి దగ్గర తరంగాల బలం కొలుస్తారు. ఒక కుటుంబానికి అది బరువే. ఆ సొమ్ము పంచాయతీ భరించి, వచ్చిన అంకెను గ్రామసభలో చదివి వినిపిస్తే పది మంది అనుమానం ఒక్కసారే తీరుతుంది. ఇంకో మాట: మీ స్థలంలో టవర్ పెడతాం, లక్షల అడ్వాన్సు ఇస్తాం, ముందుగా ట్యాక్సు కట్టండి అని ఫోన్లు వస్తుంటాయి. టెలికాం శాఖగానీ నియంత్రణ సంస్థ ట్రాయ్‌గానీ టవర్ కోసం ఎవరి దగ్గరా ట్యాక్సు వసూలు చేయవు. అవి మోసాలు.

రేడియేషన్ కంటే నేను ఎక్కువ పట్టించుకునేది గాలిని. మన దగ్గర యాసంగి వరి కోతకొచ్చే వేళ ఈదురుగాలులు ఎలా వస్తాయో కల్లంలో వడ్లు పోసుకున్నవాళ్లకు చెప్పనక్కర్లేదు. కట్టడం మీద గాలి వేసే ఒత్తిడి వేగం వర్గం చొప్పున పెరుగుతుంది. గాలి భారాన్ని లెక్కగట్టే మన జాతీయ ప్రమాణం ఐఎస్ 875 హైదరాబాద్‌కు సెకనుకు 44 మీటర్ల వేగాన్ని, విజయవాడకు 50 మీటర్లను ప్రాథమికంగా తీసుకుంటుంది. అంకెలు దగ్గరదగ్గరగా కనిపిస్తాయి. ఒత్తిడిగా మారిస్తే మొదటిది చదరపు మీటరుకు సుమారు 118 కిలోల బరువు, రెండోది సుమారు 153 కిలోలు. సముద్రం వైపు జరిగేకొద్దీ ముప్పై శాతం దాకా భారం పెరిగిందన్నమాట, సూర్యాపేట జిల్లా ఈ రెండు ఊళ్ల నడుమ ఉంది. 2014 అక్టోబర్ 12న హుద్‌హుద్ తుపాను విశాఖను తాకినప్పుడు ఫోన్లు మూగబోయి, ఎవరు ఎక్కడున్నారో తెలియక జనం అల్లాడిన సంగతి ఎవరూ మరవలేదు.

కొత్తగా వేసే టవర్‌కు ఇంజనీరు లెక్క కడతాడు. ఆ తర్వాత ఒక కంపెనీ యాంటెనాల పక్కన రెండో కంపెనీవి, మూడో కంపెనీవి వచ్చి చేరతాయి. ప్రతి యాంటెనా గాలికి ఎదురొడ్డే ఇంకొక పలక. పాత డాబా మీద లేచిన టవర్ అయితే, ఆ డాబా కట్టిననాడు ఇంత బరువు, ఇంత గుంజుడు దాని లెక్కలో ఉండి ఉండవు. గ్రామసభలో లేచి రేడియేషన్ ఎంత అని అడిగే గొంతుల్లో ఒక్కటైనా, ఈ ధ్రువపత్రం ఎన్ని యాంటెనాలకు, ఎంత గాలివేగానికి ఇచ్చారు అని అడిగితే బాగుంటుంది. పిడుగు పడితే భూమిలోకి దింపే ఎర్తింగ్ తీగ ఏ గోడ పక్కనుంచి పోతోందన్నదీ అడగాలి. కరెంటు పోయినప్పుడు మోగే డీజిల్ జనరేటర్ పొగ ఎవరి కిటికీలోకి పోతుందన్నదీ అంతే. రోజూ కంటికి కనబడి, చెవికి వినబడే ఇబ్బందులు ఇవే.

గాలిమరల మాటకొస్తే, పాలకీడు పొలాల్లో అవి లేవు. తెలుగు నేల మీద వాటికి మొదటి నుంచీ అనంతపురం వైపే పేరు. రామగిరి గుట్టల మీద 1990ల్లోనే వచ్చాయి. తెలంగాణలో పరిగి చుట్టుపక్కల కనిపిస్తాయి. అయితే పాలకీడుకు వీటితో పనిలేదని అనుకోకూడదు. చెన్నైలోని జాతీయ పవన శక్తి సంస్థ వేసిన అంచనాలు చూడండి. నేలనుంచి 100 మీటర్ల ఎత్తున తెలంగాణలో దొరికే గాలి విద్యుత్ 4 గిగావాట్ల పైచిలుకు మాత్రమే. 120 మీటర్లకు పోతే దాదాపు 25. 150 మీటర్లకు పోతే 54 దాటుతుంది. నేల మీద చెట్టూ చేమా, ఇల్లూ వాకిలీ గాలిని ఒరుసుకుని నెమ్మదింపజేస్తాయి, పైకి పోయేకొద్దీ ఆ పట్టు సడలుతుంది. గాలిలోని శక్తి వేగం ఘనం చొప్పున పెరుగుతుంది కాబట్టి వేగం పది శాతం పెరిగితే శక్తి ముప్పై మూడు శాతం పెరుగుతుంది. యంత్రాల ఎత్తు పెరిగేకొద్దీ, నిన్న గాలి లేదని వదిలేసిన మైదానాలు రేపు లెక్కలోకి వస్తాయి.

గాలిమరలకు దూరం నిబంధనలను కేంద్ర పునరుత్పాదక ఇంధన శాఖ 2016 అక్టోబరులో ఇచ్చింది. రోడ్డుకూ, రైలుకూ, భవనాలకూ, హైటెన్షన్ లైనుకూ ఉండాల్సిన కనీస దూరం: స్తంభం ఎత్తు, రెక్కల చక్రం వ్యాసంలో సగం, ఆపైన 5 మీటర్లు. 120 మీటర్ల స్తంభానికి 97 మీటర్ల చక్రం బిగిస్తే అది 173.5 మీటర్లు. మర నిలువునా ఒరిగినా రెక్క కొస రోడ్డును తాకకూడదన్నది దీని వెనక ఆలోచన. ఒక మరకూ ఇంకో మరకూ మధ్య కూడా చక్రం వ్యాసానికి కొన్ని రెట్ల దూరం వదులుతారు, గాలి దిశలో ఇంకొంచెం ఎక్కువ. ఇది మనుషుల కోసం కాదు, ముందున్న మర వదిలే కలత గాలిలో వెనకదాని రాబడి పడిపోకుండా.

మనుషుల కోసం ఉన్న నియమం ఇంకొకటి. నివాసముండే ఇంటికి 500 మీటర్ల లోపు మర వేయరాదు, చప్పుడు కారణంగా. ఈ అంకెనూ లెక్కతో పరీక్షించవచ్చు. పెద్ద మర దగ్గర పుట్టే చప్పుడు 105 డెసిబెల్స్ అనుకుంటే, 500 మీటర్ల దగ్గరకు అది సుమారు 40కి దిగుతుంది. నివాస ప్రాంతంలో రాత్రిపూట 45 దాటకూడదని మన శబ్ద నియంత్రణ నిబంధనలు అంటున్నాయి. కాబట్టి ఒక్క మరకు నియమం సరిపోయింది. అదే దూరంలో నాలుగు మరలుంటే చప్పుడు మరో 6 డెసిబెల్స్ పెరిగి 46 అవుతుంది, హద్దు దాటుతుంది. నియమం ఇంటికీ మరకూ ఉన్న దూరం చెప్పిందిగానీ ఎన్ని మరలన్నది చెప్పలేదు. నా దృష్టిలో ఇది సరిదిద్దవలసిన లోపం. పట్నం హోరులో 46 డెసిబెల్స్ ఎవరికీ పట్టదు. కప్పల బెకబెకలు తప్ప ఇంకో చప్పుడు లేని పల్లె రాత్రిలో, ఆగీ ఆగీ కొట్టే రెక్కల ఊపు నిద్రలోకి దూరుతుంది. ఐరోపాలో పోలండ్ 2016లో మర ఎత్తుకు పదిరెట్ల దూరం పెట్టింది, దాంతో కొత్త మరలు రావడమే దాదాపు ఆగిపోయింది, 2023లో దాన్ని 700 మీటర్లకు దించింది.

దూరం కొలిచి చెప్పలేనివీ కొన్ని ఉన్నాయి. అనంతపురం పాత జిల్లాలో చెన్నేకొత్తపల్లి వైపు కల్పవల్లి అని ఒక అడవి ఉంది. టింబక్టు కలెక్టివ్ అనే సంస్థ అండతో చుట్టుపక్కల ఊళ్లవాళ్లు 1990ల నుంచి కాపు కాసి, మంట, గొడ్డలి దగ్గరికి రానీయకుండా, బోడిగుట్టల మీద పెంచుకున్న వేల ఎకరాల పచ్చదనం అది. రెవెన్యూ రికార్డులో మాత్రం అది బంజరే. నల్లకొండ గాలి విద్యుత్ ప్రాజెక్టు అక్కడికి వచ్చింది. రెక్కలు మోసే పెద్ద లారీలు ఎక్కడానికి గుట్టల మీద వెడల్పు దారులు తొలిచారు. గడ్డి పోయింది, వాన నీటి దారులు మారాయి, మట్టి కొట్టుకొచ్చింది. ఊరివాళ్లు 2013లో జాతీయ హరిత ట్రిబ్యునల్‌కు వెళ్లారు. 2006 పర్యావరణ ప్రభావ అంచనా నోటిఫికేషన్ జాబితాలో గాలి విద్యుత్తు లేదు. కాబట్టి ముందస్తు అధ్యయనం, ప్రజాభిప్రాయ సేకరణ అనేవి లేకుండానే పని మొదలుపెట్టడానికి దారి దొరికింది. పొగ లేని కరెంటు కాబట్టి నేలకు హాని ఉండదని ఆ జాబితా రాసినవాళ్లు అనుకుని ఉంటారు. కల్పవల్లిలో హాని చేసింది మర కాదు, మర దాకా పోయే దారి.

గాలి విద్యుత్ మనకు కావాలి. బొగ్గు తగలబెట్టే రాష్ట్రంలో ఉంటూ దాన్ని వద్దనే హక్కు నాకు లేదు. కానీ రేపు కృష్ణ ఒడ్డు మైదానంలో 150 మీటర్ల స్తంభాలు దిగితే, ఆ సున్నపురాయి గడ్డ మీద మేకలు మేపుకునేవాళ్ల బీడు కూడా ఏదో ఒక కాగితంలో బంజరుగానే ఉంటుంది. సర్వే రాయి పాతకముందే దారి ఎటునుంచి పోతుందో, ఇంటికి 500 మీటర్లలో కాదు, కిలోమీటరులో మొత్తం ఎన్ని మరలు వస్తున్నాయో మ్యాపు తెచ్చి గ్రామసభలో గోడకు అంటించమని అడగవచ్చు. ఆ మ్యాపు మీద మేత బీళ్లు, వాగులు, శ్మశానం దారి, బతుకమ్మలు వేసే చెరువు గట్టు గుర్తుపెట్టాల్సింది ఊరివాళ్లు. ఆ గుర్తులు ఏ ఉపగ్రహ చిత్రంలోనూ కనబడవు.